చేపల తొట్టిలో గులకరాళ్లకు బదులు ఇసుక



బోనకల్ ప్రాంతమున మిరప, ప్రత్తి, వరి పండించు ఒక రైతు కుటుంబము వారు ఇటీవల మమ్ములను ఇట్లు అడిగినారు. “మా వసారాలో రెండడుగుల అద్దాల తొట్టి యున్నది. అడుగున గులకరాళ్లు పోసినాము. పిల్లలు బోనకల్ బ్రాంచి కాలువలో పట్టి తెచ్చిన పరిగెలు, రెండు చిన్న బొమ్మిడాయిలు అందులో పెరుగుచున్నవి. బొమ్మిడాయిలు రాళ్లలో దూరబోయి మూతులు గీరుకొనుచున్నవి. రాళ్లు తీసివేసి ఇసుక పోయవచ్చునా? పోయవలెనన్న ఎట్లు పోయవలెను?”

పోయవచ్చును. బొమ్మిడాయి వంటి చేపలకు ఇసుకయే తగినది. కాని రాళ్లను ఒక్క రోజున ఎత్తివేసి ఇసుక నింపినచో, వారము తిరుగక ముందే చేపలు చచ్చిపోవు ప్రమాదము కలదు. ఇట్లు ఎందుకు జరుగునో, జరుగకుండ ఎట్లు చూచుకొనవలెనో ఈ వ్యాసములో వివరింతుము. ఇందులోని విషయములు చాలవరకు మీ పొలములో మీరు ఎరిగినవే. వరి మడిలో జరుగునదే అద్దాల తొట్టిలో చిన్న ఎత్తున జరుగుచుండును.

గులకరాయికి, ఇసుకకు గల భేదము

నేలను పరీక్షించునప్పుడు రేణువుల పరిమాణమును బట్టి విభజింతుము. 2 మిల్లీమీటర్ల కంటె పెద్దవి గులకలు. 2 మిల్లీమీటర్ల నుండి 0.02 మిల్లీమీటరు వరకు ఉన్నవి ఇసుక. అంతకంటె సన్ననివి ఒండ్రు, 0.002 మిల్లీమీటరు కంటె సన్ననివి బంకమన్ను. చేపల తొట్లకు అమ్ము గులకరాళ్లు సాధారణముగా 3 మొదలు 5 మిల్లీమీటర్ల వరకు ఉండును.

గులకలైనను ఇసుకయైనను, ఒకే పరిమాణము గల రేణువులను ఒక పాత్రలో పోసినచో వాటి మధ్య ఖాళీ ఇంచుమించు సమానముగనే ఉండును. నూటికి 40 పాళ్ల వరకు ఖాళీయే. భేదము ఎక్కడ వచ్చుననగా, ఆ ఖాళీ పెద్ద సందులుగా ఉన్నదా, చిన్న సందులుగా ఉన్నదా అను దానిలో వచ్చును. రేణువు వ్యాసము నాలుగవ వంతుకు తగ్గినచో దాని గుండా నీరు ప్రవహించు వేగము పదహారవ వంతుకు తగ్గిపోవును. దుబ్బ నేలలో పెట్టిన తడి వెంటనే ఇంకిపోవుటయు, నల్లరేగడిలో రోజుల తరబడి నిలుచుటయు ఇందువలననే.

దీని ఫలితమును తొట్టిలో గమనింపుడు. గులకరాళ్ల సందులలోనికి చేపల రెట్ట, మిగిలిన మేత జారి అడుగునకు చేరును. పైకి తొట్టి శుభ్రముగా కనిపించును గాని, రాళ్ల క్రింద మురుగు పేరుకొని కుళ్లుచుండును. ఇసుక సందులు చిన్నవి గనుక మురుగు లోపలికి పోదు, పైననే నిలుచును. కంటికి కనిపించును గనుక సన్నని గొట్టముతో తీసివేయుట సులభము. ఇది ఇసుకలోని గుణము. అయితే ఇసుక లోపలికి నీరు సరిగా పోదు. నీరు పోని చోటికి ప్రాణవాయువు పోదు. ఇది ఇసుకలోని దోషము. ఈ రెండింటిని జ్ఞాపకముంచుకొనినచో తక్కిన విషయములు సులభముగా అర్థమగును.

అడుగు పొరలో నివసించు సూక్ష్మజీవులు

చేప తిన్న మేతలోని మాంసకృత్తుల నుండి వెలువడు నత్రజనిలో అధిక భాగము అమ్మోనియా రూపమున మొప్పల గుండా నీటిలో కలియును. అమ్మోనియా చేపకు విషము. చెరువులో నీరు విస్తారము గనుక పలుచబడిపోవును. 50 లీటర్ల తొట్టిలో అట్లు కాదు.

అయినను కొన్ని నెలలుగా నడచుచున్న తొట్టిలో చేపలు హాయిగా తిరుగుచుండుటకు కారణమేమి? పొలములో యూరియా చల్లినప్పుడు ఏమగునో చూడుడు. యూరియా మొదట అమ్మోనియాగా మారును. దానిని నేలలోని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైటుగాను, వేరొక జాతివి నైట్రేటుగాను మార్చును. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఈ సూక్ష్మజీవులను 1890లో వేరుచేసి నిరూపించెను. తొట్టిలోను ఇదే పని జరుగును. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రోస్పైరా జాతివి నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు మాత్రము చేప చాలవరకు ఓర్చుకొనగలదు. వారమునకు ఒకసారి కొంత నీరు మార్చినచో నైట్రేటు తగ్గిపోవును.

ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలుచు తిరుగునవి చాల తక్కువ. ఇవి గట్టి వస్తువుల ఉపరితలమును అంటిపెట్టుకొని జిగురు పొరవలె పెరుగును. తొట్టిలో అట్టి ఉపరితలము ఎక్కువగా ఉన్నది గులకరాళ్ల మీదను, వడపోత స్పంజిలోను. రాళ్లను పట్టుకొనినప్పుడు వ్రేళ్లకు తగులు జిగట ఇందులో భాగమే. ఇవి ఇతర సూక్ష్మజీవులవలె గంటలలో వృద్ధి చెందవు. క్రొత్త తొట్టిలో ఇవి చాలినంతగా పెరుగుటకు 4 నుండి 6 వారములు పట్టును.

కాబట్టి గులకరాళ్లు తొట్టి అందమునకు మాత్రమే వేసినవి కావు. ఆ రాళ్లను ఎత్తివేయుటయనగా తొట్టిలోని విషమును విరిచివేయు జీవరాశిని ఎత్తివేయుటయే.

నేను చేసిన పొరపాటు

ఈ సంగతి పుస్తకములలో చదివియుండియు నేను ఒకసారి మోసపోయితిని. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంట రెండడుగుల తొట్టిలో పన్నెండు పరిగెలు ఉండెడివి. ఒక ఆదివారమునాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి రాళ్లన్నింటిని తీసివేసి, తొట్టిని తోమి, క్రొత్త ఇసుక పోసితిమి. మురికిగా ఉన్నదని వడపోత స్పంజిని కూడ కుళాయి క్రింద పిండి పిండి కడిగితిని. నీరు అద్దమువలె మెరసెను. పిల్లలు సంతోషించిరి.

మూడవ నాటికి చేపలు నీటి పైభాగమునకు వచ్చి నోరు తెరచుచుండెను. ఆకలిగొన్నవని తలంచి మేత ఎక్కువ వేసితిమి. ఐదవ నాటి ఉదయమునకు ఏడు చేపలు వెల్లకిల తేలినవి. మా చిన్నది, “నీళ్లు ఇంత శుభ్రముగా ఉన్నవి గదా, ఎందుకు చచ్చినవి నాన్నా?” అని అడిగెను. ఆ వారమే తరగతిలో నేలలోని నత్రజని మార్పులను గూర్చి పాఠము చెప్పియుంటిని. ఆ పాఠమునకు, ఈ తొట్టికి గల సంబంధము నాకు అప్పుడు తోచలేదు.

అమ్మోనియాకు రంగు లేదు. తేటగా ఉన్న నీరు మంచి నీరని నమ్ముటకు వీలు లేదు. మీరు ఈ పొరపాటు చేయకుందురు గాక అనియే ఇది వ్రాయుచున్నాను.

ఏ తొట్టిలో మార్చవలెను? ఏ తొట్టిలో మార్చనక్కరలేదు?

అడుగున తిరుగు చేపలు, ఇసుకలో దూరు చేపలు ఉన్నచో మార్చుట మంచిది. బొమ్మిడాయి పగలు ఇసుకలో దాగి మూతి మాత్రము బయట పెట్టుకొని యుండును. రాళ్లలో దూరలేక దాని చర్మము చీరుకొనిపోవును. జెల్లలు మీసములతో అడుగును తడవి మేత వెదకుకొనును. పదునైన రాళ్ల వలన, వాటి సందుల మురుగు వలన మీసములు అరిగి పుండ్లు పడును. బంగారు చేపలు రాళ్లను నోట పెట్టుకొని ఉమియుచుండును. ఒక్కొక్కప్పుడు రాయి గొంతులో ఇరుకుకొనును. వీటన్నింటికి సన్నని ఇసుక మేలు.

నడిమి నీటిలో తిరుగు పరిగెల వంటివి మాత్రమే ఉండి, రాళ్లు నునుపుగా ఉండి, వారము వారము మురుగు తీయుచున్నచో మార్చవలసిన అవసరము లేదు.

కొన్ని తొట్లలో రాళ్ల క్రింద చిల్లుల పలక అమర్చి, గాలి మోటారుతో నీటిని రాళ్ల గుండా క్రిందికి లాగు ఏర్పాటుండును. అట్టి తొట్టిలో పలక పైన ఇసుక పోయరాదు. సన్నని ఇసుక చిల్లులలో దిగి, సందులను మూసివేయును. ఇసుకయే కావలెనన్నచో ముందుగా స్పంజి వడపోత అమర్చి, అది బాగుగా పనిచేయుచుండగా పలకను తీసివేయవలెను.

ఇసుకను ఎన్నుకొనుట

రేణువు పంచదార పలుకంత, అనగా 0.5 నుండి 1 మిల్లీమీటరు వరకు ఉండవలెను. ఇంతకంటె సన్నని ఇసుక గట్టిపడి అట్ట కట్టును. రేణువులు గుండ్రముగా, నునుపుగా ఉండవలెను.

ఏటి ఇసుక ఇందుకు శ్రేష్ఠము. గోదావరి ఇసుకలో అధిక భాగము పలుగురాయి రేణువులు. ఇవి నీటిలో కరగవు. వైరా ఏటి ఇసుక, మున్నేటి ఇసుక కూడ వాడవచ్చును. ఒక తొట్టికి బక్కెటు ఇసుక చాలును గనుక, ఇల్లు కట్టుకొన్న వారి యొద్ద మిగిలినది అడిగి తెచ్చుకొనిన సరిపోవును. సిమెంటు కలిసిన ఇసుక మాత్రము పనికిరాదు.

రాతిని మరలలో పిండి చేసిన ఇసుక వాడరాదు. దాని అంచులు పదునుగా ఉండును, దుమ్ము ఎక్కువ. సముద్రపు ఇసుకలో ఉప్పు, గవ్వల ముక్కలు ఉండును. అదియు పనికిరాదు.

సున్నము కలదేమో పరీక్షింపవలెను. మన నల్లరేగళ్లలో సున్నపు గులకలు ఉండుట మీరు చూచియే యున్నారు. వాగులలో ఇవి ఇసుకతో కలిసి కొట్టుకొని వచ్చును. ఒక చెంచా ఇసుకను ఆరబెట్టి గాజు గ్లాసులో వేసి, దాని పైన వినిగరు పోయుడు. బుడగలు బుసబుస వచ్చినచో అందులో సున్నము కలదు. నిమ్మరసము కూడ వాడవచ్చును గాని, వినిగరుతో స్పష్టముగా తెలియును.

సున్నమున్న నష్టమేమి? సున్నము కొంచెము కొంచెముగ కరగి నీటి పి.హెచ్. పెంచును. చౌడు నేలలో యూరియా పైపైన చల్లినచో అమ్మోనియా ఆవిరిగా పోయి నష్టము కలుగునని మీకు చెప్పుచుందుము గదా. పి.హెచ్. పెరిగినకొలది అమ్మోనియా వాయు రూపమునకు మారుటయే దానికి కారణము. చేపను చంపునది ఆ వాయు రూపమే. 30 డిగ్రీల వేడి గల నీటిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తము అమ్మోనియాలో విష రూపము నూటికి ఒక పాలు కూడ ఉండదు. పి.హెచ్. 8 అయినచో 7 పాళ్లు దాటును. 9 అయినచో సుమారు 45 పాళ్లగును. బోరు నీరు సహజముగనే కఠినముగా ఉన్న గ్రామములలో సున్నపు ఇసుక కూడ చేరినచో ప్రమాదము ఇంకను పెరుగును.

పురుగుమందుల విషయము మరి ముఖ్యము. మిరప, ప్రత్తి చేల నుండి మురుగు నీరు దిగు కాలువలోని ఇసుకను తేవద్దు. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మనుష్యుల కంటె చేపలకు ఎన్నో రెట్లు ఎక్కువ విషము. అవి మట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకొని యుండును. మందు కలిపిన డ్రమ్ములో, బక్కెటులో ఇసుకను కడుగరాదు. ఎన్ని సార్లు కడిగిన బక్కెటైనను ఈ పనికి వాడవద్దు.

ఎంత ఇసుక కావలెను?

తొట్టి పొడవు, వెడల్పు, ఇసుక మందము సెంటీమీటర్లలో కొలిచి గుణించి, 1,000 చేత భాగించినచో ఎన్ని లీటర్ల ఇసుక కావలెనో తెలియును. ఉదాహరణకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టిలో 2.5 సెంటీమీటర్లు, అనగా ఒక అంగుళము మందమున పోయుటకు 4.5 లీటర్ల ఇసుక కావలెను. పొడి ఇసుక లీటరు సుమారు ఒకటిన్నర కిలోలు తూగును గనుక ఇది 7 కిలోలగును. కడుగుటలో, జల్లించుటలో పోవు దానికి మరి 2 కిలోలు కలుపుకొనుడు.

మందము ఒక అంగుళము నుండి ఒకటిన్నర అంగుళముల వరకు ఉండవలెను. రెండు అంగుళములు మించరాదు. కారణము ముందు చెప్పుదుము.

ఇసుకను సిద్ధపరచుట

ముందుగా 2 మిల్లీమీటర్ల సందులు గల జల్లెడతో జల్లించి గులకలను తీసివేయుడు. తరువాత పిండి జల్లెడతో జల్లించి క్రిందికి దిగిన మిక్కిలి సన్నని భాగమును వదలివేయుడు. జల్లెడపై నిలిచినదియే మనకు కావలసినది.

దానిని బక్కెటులో సగము వరకు పోసి, నీరు నింపి, చేతితో అడుగు నుండి కలిపి, మురికి నీటిని వంచివేయుడు. పది, పదిహేను సార్లు ఇట్లు చేయవలసి యుండును. సబ్బు, బట్టల సోడా వాడరాదు.

చాలినంత కడిగినామా లేదా అని తెలిసికొనుటకు నేల పరీక్షలోని సీసా పద్ధతి ఉపయోగించును. గాజు సీసాలో పిడికెడు ఇసుక వేసి, నీరు నింపి, బాగుగా కుదిపి నిలుపుడు. ఇసుక ఒక నిమిషములో అడుగునకు దిగును. ఒండ్రు దిగుటకు గంటలు పట్టును. బంకమన్ను రోజుల తరబడి తేలుచునే యుండును. కావున నిమిషము తరువాత పైనీరు తేటగా ఉన్నచో కడుగుట పూర్తియైనట్లు. మసకగా ఉన్నచో మరల కడుగుడు. కడిగిన ఇసుకను రెండు మూడు రోజులు మంచి ఎండలో పలుచగా ఆరబెట్టుడు.

మార్చు పద్ధతి

ఈ పనికి ఎండకాలము తగదు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 35 డిగ్రీల నీటిలో 7 మిల్లీగ్రాములకు మించి నిలువదు. రోహిణి కార్తెలో ఖమ్మం ప్రాంతపు ఎండకు చేపలు ముందే అలసియుండును. మిరప నాట్లు పూర్తియైన తరువాత, ఆశ్వయుజ కార్తిక మాసములలో చేసినచో చేపలకు సుఖము, మీకు తీరిక.

మొదటి నెల: రాళ్లను కదపవద్దు. గాలి మోటారుతో నడుచు స్పంజి వడపోతను తొట్టిలో అమర్చి, 4 నుండి 6 వారములు ఆపకుండ నడుపుడు. రాళ్ల మీది సూక్ష్మజీవులు ఈలోగా స్పంజిలో కూడ స్థిరపడును. ఇంతకు ముందే స్పంజి ఉన్నచో ఈ కాలము ఆగనక్కరలేదు.

తరువాతి మూడు వారములు: వారమునకు ఒక వంతు చొప్పున రాళ్లను మూడు విడతలుగా తీయుడు. ముందునాడు మేత వేయవద్దు. మూడవ వంతు నీటిని గొట్టముతో శుభ్రమైన బక్కెటులోనికి తీసి, ఆ నీటిలో చేపలను ఉంచి, పైన దోమతెర కప్పుడు. రాళ్లను చిన్న గిన్నెతో మెల్లగా తోడుచు, లేచిన మురుగును గొట్టముతో లాగివేయుడు. చేపలను తొట్టిలో ఉంచియే రాళ్లను కదపరాదు. రాళ్ల అడుగున గాలి లేక కుళ్లిన మురుగు నుండి కోడిగ్రుడ్డు కుళ్లిన వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వెలువడవచ్చును. అది చేపలకు తీవ్రమైన విషము.

ఒక విడతలో తీసిన రాళ్లకు బదులు అక్కడనే ఇసుక పోయవచ్చుగదా అని మీకు తోచవచ్చును. పోయవద్దు. ఇసుక ప్రక్కనున్న రాళ్ల సందులలోనికి జారి, రెండును కలిసిపోవును. పిమ్మట వాటిని వేరుచేయుట దుర్లభము. రాళ్లన్నియు తీయువరకు ఖాళీయైన చోట వట్టి అద్దమునే ఉండనిండు.

మూడవ విడతలో తీసిన రాళ్లలో రెండు పిడికిళ్లు కడుగక ఉల్లిగడ్డల నైలాను సంచిలో కట్టి తొట్టిలోనే వ్రేలాడదీయుడు. పెరుగునకు తోడు వేసినట్లే ఇది. వీటి మీది సూక్ష్మజీవులు క్రొత్త ఇసుక మీద స్థిరపడును. నెల తరువాత తీసివేయవచ్చును.

ఇసుక పోయునాడు: నీటిని సగమునకు తగ్గించి, మోటారు ఆపుడు. ఇసుకను తడిపి, గిన్నెలో తీసికొని, నీటి అడుగు వరకు దించి మెల్లగా ఒంపుడు. పైనుండి చల్లినచో నీరు మసకబారును. అంతయు పోసిన తరువాత చేతితో చదును చేసి, ఇసుక మీద ఒక పళ్లెరము ఉంచి, దానిపై సన్నని ధారగా నీరు నింపుడు. వరి మడిలోనికి నీరు వదలునప్పుడు గండి వద్ద కోత పడకుండ గడ్డి వేయుట వంటిదే ఇది. ఒక గంట తరువాత మోటారు నడుపుడు. స్పంజి అడుగుభాగము ఇసుకకు ఒక అంగుళము ఎత్తున ఉండవలెను.

నింపు నీరు బోరుదైనచో ఒక రాత్రి వెడల్పైన పాత్రలో నిలువయుంచి వాడుడు. మిషన్ భగీరథ కుళాయి నీటిలో క్లోరిన్ కలియును గనుక, ఒక పగలు ఒక రాత్రి గాలి మోటారు పెట్టి ఉంచిన తరువాతనే పోయుడు. క్లోరిన్ చేపల మొప్పలను మాత్రమే గాక సూక్ష్మజీవులను కూడ చంపును.

మార్చిన తరువాత తీసికొనవలసిన జాగ్రత్తలు

మొదటి రెండు వారములు మేతను సగమునకు తగ్గింపుడు. మేత తగ్గినచో అమ్మోనియా తగ్గును. రెండు మూడు రోజులు మేత లేకున్నను పెరిగిన చేపకు ఏమియు కాదు.

అలంకార చేపలు అమ్ము దుకాణములలో అమ్మోనియా, నైట్రైటు పరీక్ష మందులు దొరకును. వారము రోజులు ప్రతిదినము, తరువాత దినము విడిచి దినము పరీక్షింపుడు. రెండును సున్న ఉండవలెను. అమ్మోనియా లీటరుకు 0.25 మిల్లీగ్రాము గాని అంతకు మించి గాని కనిపించినచో వెంటనే నాల్గవ వంతు నీటిని మార్చి, మేత ఆపుడు. నైట్రైటు కనిపించినచో నీరు మార్చుటతో పాటు 50 లీటర్లకు 10 గ్రాముల కల్లుప్పు కరిగించి పోయుడు. ఉప్పులోని క్లోరైడు, నైట్రైటు మొప్పల గుండా రక్తములో చేరకుండ అడ్డుకొనును.

చేపలు నీటి పైభాగమున నోరు తెరచుట, మొప్పలు వేగముగా ఆడించుట, మొప్పలు ఎర్రబారుట, ఒక మూల కదలక నిలుచుట ప్రమాద చిహ్నములు. అప్పుడు మేత వేయుట నేను చేసిన తప్పు. ముందు నీరు మార్చవలెను.

కరెంటు పోవుట మన గ్రామములలో క్రొత్త కాదు. మోటారు కొన్ని గంటలు ఆగినచో చెంబుతో తొట్టి నీటినే తీసి కొంచెము ఎత్తునుండి తిరిగి పోయుచుండుడు. గాలి కలియును. స్పంజి మురికియైనచో కుళాయి నీటిలో కడుగరాదు. తొట్టి నుండి తీసిన నీటిలోనే మెల్లగా రెండుసార్లు పిండవలెను. ఇంటిలో దోమల మందులు చిమ్మునప్పుడు తొట్టిని కప్పి, గాలి మోటారును కూడ ఆపుడు. ఆ మందులలో పెక్కింటిలో పైరిత్రాయిడ్లే ఉండును.

ఇసుక పొరను కాపాడుట

నీరు నిలిచిన వరి మడిని ఒకసారి జ్ఞాపకమునకు తెచ్చుకొనుడు. మట్టి పైభాగమున కొన్ని మిల్లీమీటర్ల పలుచని పొరకు మాత్రమే నీటి నుండి ప్రాణవాయువు అందును. ఆ పొర కొంచెము గోధుమ వన్నెగా ఉండును. దాని క్రింద గాలి లేని పొర నీలినలుపుగా ఉండును. పైపొరలో ఏర్పడిన నైట్రేటు క్రిందికి దిగి నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోవును. యూరియాను బురద లోపలికి పోవునట్లు వేయుమని మేము చెప్పుట ఇందుకే.

తొట్టిలోని ఇసుకలోను ఇట్టి రెండు పొరలు ఏర్పడును. ఇసుక పలుచగా ఉన్నచో గాలి లేని భాగము స్వల్పము. దానివలన నష్టము లేదు. మూడు నాలుగు అంగుళములు పోసి, పైన మురుగును తీయక వదలినచో అడుగున నల్లని మచ్చలు పుట్టి, కుళ్లిన వాసన గల వాయువు చేరును. రెండు అంగుళములు మించరాదని చెప్పినది ఇందువలననే.

వారమునకు ఒకసారి గొట్టమును ఇసుకకు అర అంగుళము ఎత్తున పట్టి మురుగును లాగుడు. పది పదిహేను రోజులకు ఒకసారి వ్రేలితో ఇసుకను తేలికగా గెలుకుడు. ఒకేసారి అంతయు గాక, ఒక్కొక్క మారు ఒక్కొక్క భాగమును గెలుకవలెను. బొమ్మిడాయిలున్న తొట్టిలో అవి దూరుచు తిరుగుట వలన ఈ శ్రమ తగ్గును.

ఇసుకలో మొక్కలకు కావలసిన పోషకములు నిలువవు. నీటి మొక్కలు పెంచదలచినచో చిన్న కుండీలో ఎరువు తగలని చెరువు మట్టి వేసి, మొక్క నాటి, మట్టి పైన ఒక అంగుళము ఇసుక కప్పి తొట్టిలో పెట్టుడు. యూరియా గాని, డి.ఎ.పి. గాని ఒక్క పలుకు కూడ తొట్టిలో వేయరాదు. పైరుకు బలమైనది ఇక్కడ చేపకు విషము.

తొట్టి నుండి తీసిన మురుగు నీటిలో నైట్రేటు ఉండును. దానిని పారబోయక పెరటిలోని బీర, సొర పాదులకు పోయుడు. ఉప్పు వేసిన వారము మాత్రము పోయవద్దు.

పెరటి పెంపకము, కాలువల రక్షణ

అలంకార చేపల పెంపకము కొందరికి ఉపవృత్తి కాగలదు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్లను కూడ చేర్చినారు. ఈ వృత్తిలో దిగదలచిన వారు ముందు ఒక తొట్టిని ఏడాది పాటు చేపలు చావకుండ నడిపి చూచుకొనుట మంచిది. ఒక తొట్టిలో చేసిన పొరపాటు వలన పది చేపలు పోవును. ఇరువది తొట్లలో అదే పొరపాటు చేసినచో పెట్టుబడియే పోవును.

తొట్టిలోని చేపలు వద్దనుకొన్నప్పుడు కాలువలోనో చెరువులోనో వదలవద్దు. తొట్లకై విదేశముల నుండి తెచ్చిన సక్కర్ చేప ఇట్లే తప్పించుకొని, ఉభయ తెలుగు రాష్ట్రముల జలాశయములలో వ్యాపించి, వలలను చింపుచు మత్స్యకారులకు నష్టము కలిగించుచున్నది. దుకాణము నుండి కొన్న చేపలను, మొక్కలను, నత్తలను నీటి వనరులలో కలుపక, పెంచుకొను వారికి ఇచ్చివేయుడు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. స్పంజి వడపోత 4 నుండి 6 వారములు నడిచిన తరువాతనే రాళ్లను ముట్టవలెను.

2. రాళ్లను వారమునకు మూడవ వంతు చొప్పున తీసి, అన్నియు తీసిన తరువాతనే ఇసుక పోయవలెను. ఆ వారములలో స్పంజిని కడుగరాదు.

3. పంచదార పలుకంత ఏటి ఇసుకను వినిగరుతో పరీక్షించి, సీసాలో నీరు తేటపడు వరకు కడుగవలెను. పురుగుమందు సోకిన ఇసుకను, పాత్రలను వాడరాదు.

4. ఇసుక మందము ఒకటి, ఒకటిన్నర అంగుళములు చాలును.

5. రెండు వారములు మేత తగ్గించి, అమ్మోనియా, నైట్రైటు పరీక్షింపవలెను.

బోనకల్ రైతు కుటుంబము వారికి మా సలహా ఇదియే. వారి తొట్టిలో చిల్లుల పలక లేదు, స్పంజి వడపోత ఇదివరకే కలదు. కాబట్టి వచ్చే ఆదివారమే మొదటి వంతు రాళ్లను తీయవచ్చును. నాలుగవ ఆదివారమునకు బొమ్మిడాయిలు దాగుటకు ఇసుక సిద్ధమగును. రాళ్లు తీయు పని పెద్దలు చేసి, సీసా పరీక్ష, వినిగరు పరీక్ష పిల్లల చేత చేయింపుడు. ఆ రెండు పరీక్షలు రేపు వారు మీ పొలము మన్నును తెలిసికొనుటకు కూడ పనికివచ్చును.